మార్చి 31కి గోడ ఆరదు

ఫిబ్రవరి నెల, పొద్దున ఏడున్నర. ఇంగ్లండ్ ఉత్తరాన యార్క్‌షైర్‌లో ఒక చిన్న పట్టణం. పరంజా పైపుకి వేలాడదీసిన థర్మామీటరు 2 డిగ్రీలు చూపిస్తోంది. గోడకి పూయాల్సిన రెండర్ సంచి మీద మాత్రం స్పష్టంగా అచ్చేసి ఉంది: 5 డిగ్రీల కంటే తక్కువ ఉంటే వాడకూడదు. సరిగ్గా అప్పుడే ఆఫీసు నుంచి ఫోన్. "ఈ వీధి శుక్రవారానికల్లా అయిపోవాలి. మార్చి 31 దాటితే డబ్బులు రావు."

మార్చి బిల్లులంటే ఏమిటో మన తెలుగువాళ్లకి ఒకరు చెప్పక్కర్లేదు. ఏడాదంతా నిద్రపోయిన రోడ్డు పని మార్చి ఆఖరి వారంలో లేచి పరుగు పెడుతుంది. తారు పోస్తారు, కొలతలు రాస్తారు, బిల్లు పాస్ చేయించుకుంటారు. జూన్ వానకి కంకర పైకి తేలుతుంది. ఇంగ్లండ్ వచ్చాక ఈ జబ్బు కనబడదనుకున్నాం. ఇక్కడా ఉంది. ఇక్కడ అది రోడ్డు మీద కాకుండా పేదవాళ్ల ఇంటి గోడలో దాక్కుంటుంది. అంతే తేడా.

మేం నలుగురం తెలుగువాళ్లం ఈ పనిలో ఉన్నాం. ఇద్దరం పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా చేసి, దోహాలో, దుబాయ్‌లో కొన్నేళ్లు టవర్ల మీద పనిచేసి, సూపర్‌వైజర్లుగా ఇక్కడికి చేరాం. మూడో అతను నిజామాబాద్ వైపు మనిషి. భార్యకి నర్సు ఉద్యోగం వస్తే ఆమె వెంట వచ్చాడు. నాలుగో అతను పాలకొల్లు దగ్గర తాపీమేస్త్రి కొడుకు. మేం చేసేది పాత ఇళ్లకి చలి తగ్గించే పని. దీన్ని ఇక్కడ రెట్రోఫిట్ అంటారు. ఉన్న ఇంటికే చలికోటు తొడగడం అనుకోండి. గోడ బయట మందపాటి ఇన్సులేషన్ బోర్డులు బిగించి, వల పరిచి, పైన రెండర్ పూస్తాం. అటక మీద దూది లాంటి ఇన్సులేషన్ పరుస్తాం. కిటికీలు మారుస్తాం, ఫ్యాన్లు పెడతాం.

ఈ ఇళ్లు ఎవరివి? మన ఊళ్లో ఇందిరమ్మ ఇల్లు వస్తే పట్టా మన పేరు మీద ఉంటుంది. ఇక్కడి పద్ధతి వేరు. కౌన్సిల్ గానీ, హౌసింగ్ అసోసియేషన్ గానీ ఇల్లు తన పేరు మీదే ఉంచుకుని, తక్కువ అద్దెకి ఇస్తుంది. ఇంగ్లండ్ ఒక్కచోటే ఇలాంటివి 40 లక్షలకు పైగా ఉన్నాయి. ముసలివాళ్లు, ఒంటరి తల్లులు, జబ్బుపడ్డవాళ్లు, చిన్న జీతాలవాళ్లు వీటిలో ఎక్కువ. వీటిలో చాలా ఇళ్లు చలిని లెక్కలోకి తీసుకోని కాలంలో కట్టినవి. కొన్నిటికి తొమ్మిది అంగుళాల ఒట్టి ఇటుక గోడ. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఇళ్ల కరువులో ఇసుక కలపని కాంక్రీటుతో పోసిన ఇళ్లు కూడా వేల సంఖ్యలో ఉన్నాయి. మన పాలకొల్లు తమ్ముడు మొదటిసారి ఆ గోడకి డ్రిల్ పెట్టి, "ఇదేం గోడ అన్నా, మరమరాల ఉండలా ఉంది" అన్నాడు. నిజంగా అలాగే ఉంటుంది.

ఈ ఇళ్లు వెచ్చబడాలా వద్దా అన్నదాని మీద వాదన లేదు. 2020 డిసెంబరులో మాంచెస్టర్ పక్కనే ఉన్న రోచ్‌డేల్‌లో అవాబ్ ఇషాక్ అనే రెండేళ్ల పిల్లాడు చనిపోయాడు. సూడాన్ నుంచి వచ్చిన కుటుంబం, అద్దెకున్నది ఇలాంటి సోషల్ హౌసింగ్ ఫ్లాట్‌లో. గోడల నిండా బూజు. తండ్రి ఏళ్ల తరబడి మొత్తుకున్నాడు. మీరు బతికే తీరు వల్లే బూజు అన్న ధోరణిలో తోసేశారు. ఆ బూజే పిల్లాడి ప్రాణం తీసిందని 2022 నవంబరులో విచారణాధికారి తేల్చారు. ఆ పిల్లాడి పేరు మీదే చట్టం వచ్చింది. 2025 అక్టోబరు 27 నుంచి ఇంగ్లండ్‌లో అది అమల్లో ఉంది. ప్రాణం మీదకి వచ్చే లోపమైతే 24 గంటల్లో కదలాలి. ప్రమాదకరమైన చెమ్మ, బూజు మీద ఫిర్యాదు వస్తే 10 పనిదినాల్లో వచ్చి చూడాలి. మీలో సోషల్ హౌసింగ్‌లో అద్దెకున్నవాళ్లు ఈ మాట గుర్తుపెట్టుకోండి. "మీ కూరల ఆవిరి వల్లే" అని ఎవరైనా అంటే తలూపి ఊరుకోకండి.

మరి డబ్బు ఎక్కడి నుంచి వస్తోంది? ప్రభుత్వం సోషల్ హౌసింగ్ డీకార్బనైజేషన్ ఫండ్ అని ఒకటి పెట్టింది. 2022లో మొదటి విడతగా 17.9 కోట్ల పౌండ్లు, 2023 మార్చిలో రెండో విడతగా 77.8 కోట్ల పౌండ్లు ప్రకటించింది. ఇప్పుడు పేరు మార్చి వార్మ్ హోమ్స్ సోషల్ హౌసింగ్ ఫండ్ అంటున్నారు. 2025 నుంచి 2028 వరకు దానికి సుమారు 129 కోట్ల పౌండ్లు కేటాయించారు. ఇదంతా ఊరికే ఇచ్చేది కాదు. కౌన్సిళ్లు పోటీపడి దరఖాస్తు పెట్టుకోవాలి. రెండో విడత నుంచి ఖర్చులో కనీసం సగం ఇంటి యజమాని సంస్థే భరించాలి. ఇది కాక, గ్యాసు, కరెంటు కంపెనీల చేత ఖర్చు పెట్టించే ఈకో పథకం 2013 నుంచి నడిచింది. ఆ భారం చివరికి అందరి బిల్లుల్లోనే పడింది. దాన్ని ముగిస్తామని 2025 నవంబరు బడ్జెట్‌లో ప్రకటించారు. 2026 జనవరిలో 1,500 కోట్ల పౌండ్ల వార్మ్ హోమ్స్ ప్లాన్ బయటికి వచ్చింది. కాబట్టి డబ్బే లేదని మేం అనం. డబ్బు వచ్చే పద్ధతి, పై నుంచి కిందికి దిగే పద్ధతి గురించే మా బాధ.

పద్ధతి ఇలా ఉంటుంది. విడత ప్రకటిస్తారు. దరఖాస్తు, పరిశీలన, ఒప్పందం, ఇళ్ల సర్వే, డిజైను అంటూ నెలలు గడిచిపోతాయి. ముగింపు తేదీ మాత్రం కదలదు, లేదా ఆఖరి నిమిషంలో కాస్త కదులుతుంది. మిగిలింది ఒక చలికాలం. కౌన్సిల్ పెద్ద కంపెనీకి ఇస్తుంది, పెద్ద కంపెనీ చిన్న కంపెనీకి, అది ముఠా మేస్త్రికి, అతను చదరపు మీటరుకి ఇంత అని రోజుకూలీలకి. ఒక్కో మెట్టు దగ్గర కొంత మిగుల్చుకుంటారు. గోడ దగ్గరికి చేరేసరికి ఉండాల్సిన డబ్బూ లేదు, ఉండాల్సిన రోజులూ లేవు. లోపం పుట్టేది అక్కడే.

లోపం ఎంత చిన్నదో చెబితే మీరు ఆశ్చర్యపోతారు. బోర్డు బిగిస్తే గోడ మందం పెరుగుతుంది. కాబట్టి కిటికీ కింద సిల్ కూడా అంతమేర ముందుకి రావాలి. రాకపోతే వాన నీరు సిల్ మీద నుంచి జారి నేరుగా బోర్డు వెనక్కి పోతుంది. పైన చూరు దగ్గర అంచు సరిగా మూయకపోయినా అంతే. కిటికీ పక్క సందుల్లో బోర్డు పెట్టకుండా వదిలేస్తే ఇల్లంతా వెచ్చగా, అక్కడొక్క చోట చల్లగా ఉంటుంది. ఎండాకాలంలో చల్లటి నీళ్ల సీసా మీద చెమ్మ పట్టినట్టు ఇంట్లోని ఆవిరంతా ఆ చల్లటి చోటే నీరవుతుంది. అక్కడ బూజు పుడుతుంది. అన్నిటికన్నా ముఖ్యం గాలి. పాత ఇంట్లో సందుల్లోంచి గాలి ఆడేది. మేం ఆ సందులన్నీ మూసేస్తాం. మూసినప్పుడు స్నానాలగదిలో, వంటగదిలో ఫ్యాను పెట్టి, తలుపు కింద ఖాళీ వదిలి, గాలికి దారి చూపించాలి. లేదంటే ఆ ఇంటిని ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి కట్టినట్టే. చలి పోగొడతామని వెళ్లి బూజు ఇచ్చి వచ్చినట్టు.

ఇప్పుడు మా తప్పు చెప్పుకోవాలి. ఇది రాయడానికి చాలా రోజులు వెనకాడాం.

రెండేళ్ల కిందట, ఇప్పటి కంపెనీలో కాదు, అంతకు ముందు చేసినచోట, 14 ఇళ్ల వరస ఒకటి మా చేతికి వచ్చింది. మార్చి దగ్గర పడింది. చివరి ఇంటికి పొడవు సిల్లులు రాలేదు. స్నానాలగది ఫ్యానుకి వైరింగ్ చేసే ఎలక్ట్రీషియన్ రాలేదు. ఫైల్లో పెట్టడానికి ఫ్యాను ఫొటో కావాలన్నారు. పక్కింటి ఫ్యాను ఫొటో పెట్టి, కింద సంతకం పెట్టమన్నారు. మా నిజామాబాద్ తమ్ముడు, "సంతకం పెడితే అయిపాయె గదన్నా, గోడ లోపల ఎవరు జూస్తరు?" అన్నాడు. అతన్ని అని లాభం లేదు. మా మనసులోనూ అదే మాట ఉంది. స్పాన్సర్‌షిప్ వీసా మీద ఉన్నవాళ్లకి ఉద్యోగం పోతే మామూలుగా 60 రోజులే గడువు. ఈలోగా ఇంకో స్పాన్సర్ దొరకాలి, లేదా పెట్టె సర్దుకోవాలి. ఊళ్లో అప్పు, ఇక్కడ పిల్లల బడి, అన్నీ కళ్ల ముందు తిరిగాయి. సంతకం పెట్టాం.

మరుసటి చలికాలం వేరే పని మీద అదే వీధికి వెళ్లాం. ఆ చివరి ఇంట్లో ఎనభై దగ్గర పడ్డ ఒంటరి పెద్దావిడ ఉంటుంది. మమ్మల్ని గుర్తుపట్టి లోపలికి పిలిచి టీ ఇచ్చింది. ఇల్లు ఎలా ఉందమ్మా అని అడిగాం. "వెచ్చగానే ఉంది నాయనా, బీరువాలో బట్టలే ముక్కవాసన వస్తున్నాయి" అంది. బీరువా జరిపి చూస్తే వెనక గోడంతా నల్లగా ఉంది. ఆవిడ మా మొహాలు చూసి, "నేనే కిటికీ సరిగా తెరవడం లేదేమో" అని తనమీదే వేసుకుంది. మాకు టీ గొంతు దిగలేదు. బయటినుంచి చూస్తే ఆ ఇల్లు కొత్త పెళ్లికూతురిలా మెరుస్తోంది. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అని మన పెద్దలు ఊరికే అనలేదు. తర్వాత కౌన్సిల్‌కి జరిగింది జరిగినట్టు రాసిచ్చాం. ఫ్యాను పెట్టారు, సిల్లులు మార్చారు, బోర్డు కొంతమేర విప్పి మళ్లీ వేశారు. ఒక పనికి రెండుసార్లు ఖర్చు.

ఇది మా ఒక్కరి కథ అయితే పత్రికకి ఎక్కించే పని లేదు. ప్రెస్టన్ పట్టణంలో ఫిష్‌విక్ అనే పేటలో 2013 ప్రాంతంలో ఇలాగే మూడు వందలకు పైగా ఇళ్లకి బోర్డులు వేశారు. వాన నీరు వెనక్కి చేరి, ఇళ్లు చెమ్మతో పాడై, ఆ జనం ఏళ్లపాటు నరకం చూశారు. 2020 సెప్టెంబరులో గ్రీన్ హోమ్స్ గ్రాంట్ అని 150 కోట్ల పౌండ్లతో ఒక పథకం మొదలెట్టారు. 6 లక్షల ఇళ్లు అన్నారు. ఆరేడు నెలలకే, 2021 మార్చి ఆఖరుకి, దుకాణం మూసేశారు. చివరికి 47,500 ఇళ్ల దగ్గర ఆగుతుందని ఇక్కడి నేషనల్ ఆడిట్ ఆఫీస్, అంటే మన కాగ్ లాంటిది, లెక్క తేల్చింది. ఆ పథకాన్ని నమ్మి మనుషుల్ని పెట్టుకున్న చిన్న కంపెనీలు వాళ్లని మళ్లీ ఇళ్లకి పంపించాయి.

అదే ఆడిట్ ఆఫీస్ 2025 అక్టోబరులో ఇంకో నివేదిక ఇచ్చింది. ఈకో నాలుగో విడతలోను, దాని తోడు పథకంలోను బయటి గోడలకి వేసిన ఇన్సులేషన్‌లో 98 శాతానికి సరిచేయాల్సిన పెద్ద లోపాలున్నాయట. 22 వేల నుంచి 23 వేల ఇళ్లు. లోపలి గోడలకి వేసినవాటిలో 29 శాతం. వీటిలో సొంత ఇళ్లూ ఉన్నాయి, అద్దె ఇళ్లూ ఉన్నాయి. కారణాలేమిటంటే పని రానివాళ్లకి సబ్‌కాంట్రాక్టు ఇవ్వడం, ఏ పనికి ఏ ప్రమాణమో స్పష్టత లేకపోవడం, కంపెనీలు అడ్డదారులు తొక్కడం. పాస్ 2035 అనే మంచి ప్రమాణం 2019 నుంచే ఉంది. కాగితం మీద అన్ని నియమాలూ ఉన్నాయి. వందలో తొంభై ఎనిమిది తప్పితే అది తాపీ పట్టుకున్న మనిషి తప్పు మాత్రమే కాదు, పని నడిపించే పద్ధతి తప్పు.

గ్రెన్‌ఫెల్ టవర్‌ని మరిచిపోకూడదు. లండన్‌లో 24 అంతస్తుల సోషల్ హౌసింగ్. 2016లో ముగిసిన మరమ్మతుల్లో దానికీ ఇన్సులేషన్, పైన కొత్త తొడుగు వేశారు. ఖర్చు తగ్గించుకోవడానికి మొదట అనుకున్న జింక్ రేకులు మానేసి అల్యూమినియం కాంపోజిట్ రేకులు ఎంచుకున్నారు. 2017 జూన్ 14న నిప్పంటుకుంటే ఆ తొడుగే మంటని మీదికి పాకించింది. 72 మంది పోయారు. భయంగా ఉందని అక్కడి జనం ముందు నుంచే మొత్తుకున్నారు. వినేవాళ్లు లేకపోయారు.

మరి సరిగా చేసిన పనే లేదా? ఉంది. పోర్ట్స్‌మత్ కౌన్సిల్‌కి విల్మ్‌కోట్ హౌస్ అని 1968లో కట్టిన 11 అంతస్తుల భవనం ఉంది. వందకు పైగా ఫ్లాట్లు. జనం లోపల ఉంటుండగానే పనిచేశారు. 2014లో మొదలైన పని 2018 దాకా పట్టింది. ఆలస్యం అయ్యింది, తిట్లూ పడ్డాయి. కానీ గాలి ఎంత లీకవుతుందో, గది ఎంత వెచ్చగా ఉందో కొలిచి మరీ చేశారు. నెదర్లాండ్స్‌లో ఎనర్జీస్ప్రాంగ్ అనే పద్ధతి ఉంది. ఇంటికి ఇంత కంటే ఎక్కువ కరెంటు పట్టదని కట్టినవాడే ఏళ్ల తరబడి గ్యారంటీ ఇవ్వాలి. అద్దెవాళ్లకి కరెంటు బిల్లులో మిగిలే సొమ్ములోంచి కొంత ఇంటి సంస్థకి కట్టేలా 2016లో చట్టం కూడా చేశారు. ఆ పద్ధతిని 2017-18లో నాటింగ్‌హామ్‌లో 10 ఇళ్లతో మొదలెట్టారు. అక్కడ కాంట్రాక్టరు ఫొటో చూపించి తప్పించుకోలేడు. ఇల్లు వెచ్చగా లేకపోతే నష్టం అతనిదే.

"మీరు చెప్పినట్టు నిదానంగా చేస్తే ముసలివాళ్లు ఇంకో చలికాలం వణకాలి కదా" అని కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. మాకూ ఆ పెద్దావిడ గుర్తొస్తుంది. కానీ తొందరగా వేసిన గోడని మళ్లీ విప్పాల్సి వస్తే ఆవిడ వణికేది ఒక చలికాలం కాదు, రెండు. పైగా ఒకసారి మోసపోయిన వీధిలో రెండోసారి తలుపు కొడితే ఎవరూ తియ్యరు. మాకు అనుభవమే.

అందుకే మేం అడిగేవి నాలుగు. ఒకటి, డబ్బుకి ముగింపు తేదీ మార్చిలో పెట్టకండి. బయటి గోడ పని ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా, చలికాలంలో అటకలు, ఫ్యాన్లు, లోపలి పని. ఇప్పుడు మూడేళ్లకి ఇచ్చిన విడత మంచి అడుగే. తర్వాత వచ్చేది కూడా అలాగే, మధ్యలో తెగకుండా రావాలి. రెండు, పని తనిఖీ చేసే మనిషికి జీతం కాంట్రాక్టరు ఇవ్వకూడదు. ఈ దేశంలో పూర్వం నుంచి క్లర్క్ ఆఫ్ వర్క్స్ అని యజమాని తరఫున సైట్‌లో నిలబడే ఉద్యోగి ఉండేవాడు. అతన్ని ప్రతి వీధికీ తిరిగి తీసుకురండి. మూడు, బిల్లులో కొంత భాగం ఒక పూర్తి చలికాలం గడిచేదాకా ఆపండి. గదిలో వేడి, చెమ్మ కొలిచే చిన్న మీటరు పెట్టి, అది సరిగా చూపించాకే ఇవ్వండి. నాలుగు, సబ్‌కాంట్రాక్టు మెట్లు తగ్గించండి. మనుషుల్ని నేరుగా పెట్టుకుని, పని నేర్పించి, నెలజీతం ఇవ్వండి. చదరపు మీటరు లెక్కన కూలి ఇస్తే చదరపు మీటర్లే వస్తాయి, వెచ్చదనం రాదు.

ఇక మన తెలుగువాళ్లకి ఒక మాట. గల్ఫ్‌లో ఉన్నా, మలేషియాలో ఉన్నా, ఇక్కడ ఉన్నా, మనం కట్టే ఇళ్లలో మనం ఉండం. అందుకే "మనకెందుకులే" అనిపిస్తుంది. కానీ సంతకం మనది. కంపెనీ మూసేసి వేరే పేరుతో తెరుచుకుంటుంది, పరంజా ఇంకో వీధికి పోతుంది, ఫైల్లో మిగిలేది మన పేరే. పొద్దున్నే థర్మామీటరు ఫొటో తేదీతో సహా తీసి ఉంచుకోండి. ఫ్యాను లేకపోతే లేదనే రాయండి. చెప్పిన మాట మెసేజ్‌లో పంపండి, నోటిమాట నిలబడదు. ఒంటరిగా అంటే భయం ఉంటుంది, నలుగురూ కలిసి అనండి. యూనియన్‌లో చేరడం ఇక్కడ నేరం కాదు, హక్కు.

ఆ ఫిబ్రవరి పొద్దున మేం రెండర్ కలపలేదు. థర్మామీటరు ఫొటో, సంచి మీద అక్షరాల ఫొటో రెండూ ఆఫీసుకి పంపించి, అటక పనికి ఎక్కాం. ఆఫీసువాళ్లు అరిచారు. వీధి మార్చి 31కి అవ్వలేదు. కౌన్సిల్ మనిషి వచ్చి చూసుకుని, బయటి పనికి ఏప్రిల్ దాకా గడువిచ్చి వెళ్లాడు. మా ఉద్యోగాలు ఉన్నాయి. ప్రతిసారీ ఇలాగే జరుగుతుందని మేం మాట ఇవ్వలేం. కానీ ఆ వీధిలో గోడలు ఎండలో ఆరాయి.